51 ఆటల తీర్పు

2026 సంక్రాంతి నాడు మా ఇంట్లో భోజనాలయ్యాక మాట బ్లేజర్స్ మీదికి మళ్లింది. హిల్స్‌బరోలో తెలుగువాళ్లు నలుగురు కలిస్తే ముందు ఉద్యోగాల సంగతి, తర్వాత ఇళ్ల ధరల సంగతి, ఆ తర్వాత మా బాస్కెట్‌బాల్ జట్టు పోర్ట్‌లాండ్ ట్రయల్ బ్లేజర్స్ సంగతి రావడం మామూలే. మా బావమరిది పదేళ్లుగా ఆ జట్టు ఆట ఒక్కటీ వదలడు. అరిసె తుంచుకుంటూ, "బావా, ఇంక స్కూట్‌ని అమ్మేయాలి. కొనేవాడు ఒకడైనా ఉండగానే వదిలించుకోవాలి" అన్నాడు. గదిలో ఎనిమిది మందిమి ఉన్నాం. నేను తప్ప ఒక్కరూ కాదనలేదు. నేను కాదన్నా నా దగ్గర ఆ పూట సరైన జవాబు లేదు. వారం రోజులు ఆలోచించి ఇప్పుడు రాస్తున్నాను.

వాళ్ల వాదన తేలిగ్గా తీసేసేది కాదు. స్కూట్ హెండర్సన్ 2023 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త ఆటగాళ్లని వరసగా ఎంచుకునే రోజున, మూడో స్థానంలో వచ్చాడు. వెంబన్యామా, బ్రాండన్ మిల్లర్ తర్వాత అతనే. ముందు ఏడాదంతా వెంబన్యామా లేకపోతే మొదటి స్థానం ఇతనిదేనని చెప్పుకున్నారు. అలా వచ్చినవాడు మొదటి సీజన్‌లో 62 ఆటలాడి సగటున 14 పాయింట్లు, 5.4 అసిస్టులు చేశాడు. వేసిన బంతుల్లో 38.5 శాతమే పడ్డాయి, త్రీ పాయింటర్లు 32.5 శాతం. ఆటకు మూడుసార్లకు పైగా బంతి పోగొట్టుకున్నాడు. రెండో సీజన్‌లో అతని సగటు పెరగకపోగా 12.7 పాయింట్లకు దిగింది. మూడో సీజన్ మొదలుకాక ముందే, 2025 సెప్టెంబరులో, ఎడమ తొడ వెనక కండరం చిరిగి ఆటకు దూరమయ్యాడు. ఈలోపు జట్టు జ్రూ హాలిడేని తెచ్చుకుంది, డేమియన్ లిల్లార్డ్‌ని వెనక్కి పిలిపించుకుంది. ఇద్దరూ గార్డులే. అందుకని అభిమానులు లెక్క తేల్చేశారు: కుర్రాడు పనికిరాలేదు, చోటూ లేదు, ఇంకా ఎంతో కొంత ధర పలుకుతున్నప్పుడే ఇచ్చేసి, వచ్చింది పుచ్చుకోవాలి.

నా అభిప్రాయంలో ఈ లెక్కలో అంకెలన్నీ నిజమే, కూడిక మాత్రం తప్పు.

ముందు వయసు చూద్దాం. పోర్ట్‌లాండ్‌లో ఏ గార్డునైనా లిల్లార్డ్‌తోనే కొలుస్తారు. పదకొండేళ్లు ఈ ఊరికి ఆడినవాడు, ఆఖరి క్షణాల్లో అతను వేసిన బంతుల్ని జనం ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు కాబట్టి అది సహజమే. లిల్లార్డ్ మొదటి సీజన్‌లోనే 19 పాయింట్లు, 6.5 అసిస్టుల సగటుతో ఆడి ఓటు వేసిన ప్రతి ఒక్కరి చేతా ఆ ఏటి ఉత్తమ కొత్త ఆటగాడు అనిపించుకున్నాడు. "లిల్లార్డ్‌కి ఏ ట్రైనింగూ అక్కర్లేదు, వచ్చీ రాగానే ఆడాడు" అని మా బావమరిది అన్నది దీని గురించే. కానీ లిల్లార్డ్ పుట్టింది 1990 జులై 15న. వీబర్ స్టేట్ అనే యూనివర్సిటీలో నాలుగేళ్లు గడిపి, 2012 అక్టోబరు 31న మొదటిసారి ఎన్‌బీఏ ఆట ఆడేనాటికి అతనికి 22 ఏళ్ల మూడున్నర నెలలు. స్కూట్ పుట్టింది 2004 ఫిబ్రవరి 3న. లిల్లార్డ్ తొలి ఆట ఆడిన వయసు స్కూట్‌కి వచ్చేది 2026 మే నెల మూడో వారంలో. అప్పటికి అతని మూడో రెగ్యులర్ సీజన్ కూడా ముగిసిపోయి ఉంటుంది.

అంటే మనం ఇన్నాళ్లూ ఒకడి డిగ్రీ మార్కుల పక్కన ఇంకొకడి పదో తరగతి మార్కులు పెట్టి చూస్తున్నాం. లిల్లార్డ్ 19, 20, 21 ఏళ్ల వయసులో చేసిన తప్పులు కొండల మధ్య ఒక యూనివర్సిటీ జిమ్‌లో, మహా అయితే కొన్ని వేల మంది ముందు జరిగాయి. అవి ఈ రోజు ఎవరికీ గుర్తుండవు. స్కూట్ అవే వయసు తప్పులు ప్రపంచంలోకెల్లా గట్టి ఆటగాళ్ల మీద, కెమెరాల ముందు, అదీ లిల్లార్డ్ ఖాళీ చేసి వెళ్లిన చోటులో నిలబడి చేయాల్సి వచ్చింది. డ్రాఫ్ట్ అయిన మూడు నెలలకే, 2023 సెప్టెంబరు 27న, లిల్లార్డ్‌ని మిల్వాకీకి పంపించారు. చెయ్యి పట్టుకుని నడిపించాల్సిన పెద్దవాడు గుమ్మం దాటి వెళ్లిపోయాడు.

ఆ మొదటి సీజన్‌లో చుట్టూ ఎవరున్నారో కూడా గుర్తు చేసుకోవాలి. ఆన్ఫర్నీ సైమన్స్ గాయాలతో 46 ఆటలే ఆడాడు, మాల్కమ్ బ్రాగ్డన్ 39, షేడన్ షార్ప్ 32. జట్టు 21 గెలిచి 61 ఓడింది. 2024 జనవరిలో ఓక్లహోమా సిటీలో 62 పాయింట్ల తేడాతో ఓడిన రాత్రి నాకింకా గుర్తుంది. మూడో క్వార్టర్‌లో మా అబ్బాయి టీవీ కట్టేసి పడుకున్నాడు. పాయింట్ గార్డు ఇచ్చిన పాస్‌కి అసిస్టు రావాలంటే అందుకున్నవాడు ఆ బంతిని వేయగలగాలి. గార్డుకి దారి దొరకాలంటే మూలల్లో నిలబడ్డ షూటర్లని చూసి అవతలి జట్టు భయపడాలి. భయపెట్టేవాళ్లు ఆసుపత్రుల చుట్టూ తిరుగుతుంటే 19 ఏళ్ల కుర్రాడి షూటింగ్ శాతం దిగకుండా ఎలా ఉంటుంది?

నేను ఎక్కువసేపు మాట్లాడదలచింది పాయింట్ గార్డు పని గురించే, ఎందుకంటే మా ఇంటి చర్చలో రానిది అదే. హిల్స్‌బరో నుంచి మాక్స్ బ్లూ లైన్ రైలు ఎక్కి రోజ్ క్వార్టర్‌లో దిగి, మోడా సెంటర్‌లో పైకప్పుకి దగ్గరగా ఉండే చవక సీట్లలో కూర్చుంటే ఒక లాభం ఉంది. పదిమంది ఆటగాళ్లూ ఒకేసారి చదరంగం బల్ల మీద పావుల్లా కనిపిస్తారు. పాయింట్ గార్డు దగ్గరికి పొడుగాటి ఆటగాడు వచ్చి, కాపలాదారుకి అడ్డంగా నిలబడి స్క్రీన్ పెడతాడు. గార్డు ఆ స్క్రీన్‌ని ఒరుసుకుని పక్కకి తిరిగిన క్షణాన అతను చూడాల్సినవి కనీసం నాలుగు. వెనకపడ్డ కాపలాదారు ఎంత దూరంలో ఉన్నాడు, బుట్ట ముందు నిలబడ్డ పొడుగువాడు ముందుకొస్తున్నాడా వెనక్కి తగ్గుతున్నాడా, స్క్రీన్ పెట్టినవాడు బుట్ట వైపు పరిగెడుతున్నాడా, ఎదురు మూలలో ఉన్న కాపలాదారు తన మనిషిని వదిలి లోపలికి ఒక అడుగు వేశాడా లేదా. ఇదంతా ఒక సెకనులోపు జరిగిపోతుంది. ఆ నాలుగో ప్రశ్నకి జవాబు తప్పుగా చదివితే బంతి పోతుంది, స్కోరు కాగితం మీద టర్నోవర్ అని పడుతుంది.

ఈ చదువు పుస్తకంలో రాదు, ఒంటరిగా జిమ్‌లో వెయ్యి బంతులు వేసినా రాదు. అదే తప్పు చేసి, అదే రాత్రి వీడియోలో చూసుకుని, మరుసటి వారం ఇంకో జట్టు మీద దాదాపు అదే సందర్భం వచ్చినప్పుడు ఇంకోలా చేస్తేనే వస్తుంది. క్రికెట్ చూసేవాళ్లకి లెగ్ స్పిన్నర్ సంగతి తెలుసు. అతను సిక్సర్లు తినకుండా నేర్చుకోలేడు. పాయింట్ గార్డుదీ అలాంటి విద్యే. స్కూట్‌కి అయితే ఇంకో చిక్కు కూడా ఉంది. అతనికి పుట్టుకతోనే వేగం వచ్చింది. చిన్నప్పటి నుంచీ ఏ చిక్కు వచ్చినా వేగంతోనే గట్టెక్కాడు. ఎన్‌బీఏలో అందరూ వేగంగా పరిగెడతారు, పైగా ఏడడుగుల వాడు బుట్ట ముందు కాచుకుని ఉంటాడు. అక్కడ గెలిచేది వేగాన్ని దాచుకుని, రెండడుగులు నెమ్మదిగా నడిచి, అవతలివాడు మడమల మీదికి వాలిన క్షణాన దూకేవాడు. తనకి ఎప్పుడూ అన్నం పెట్టిన గుణాన్ని అదుపులో పెట్టుకోవడం కన్నా కష్టమైన పని ఇంకోటుంటుందా?

నేను చూసినంతలో అతను ఆ పని నేర్చుకుంటున్నాడు. పాయింట్ల సగటు తగ్గిందని అనేవాళ్లు పక్క అంకెలు కూడా చూడాలి. రెండో సీజన్‌లో షూటింగ్ 38.5 నుంచి 41.9 శాతానికి పెరిగింది. త్రీ పాయింటర్లు 32.5 నుంచి 35.4కి వచ్చాయి. టర్నోవర్లు 3.4 నుంచి 2.7కి తగ్గాయి. ఆడిన నిమిషాలు కూడా తగ్గాయి కాబట్టి పాయింట్లు తగ్గడంలో వింత లేదు. ముందటేడు 21 ఆటలు గెలిచిన జట్టు ఆ ఏడు 36 గెలిచింది. ఆ గెలుపులన్నీ స్కూట్ పుణ్యమే అని నేననను. డెని అవ్దియా, టుమాని కమారాల కష్టం అందులో ఎక్కువ. కానీ బెంచ్ మీద నుంచి లేచి వచ్చి, అవతలి గార్డుల ఛాతీకి ఛాతీ ఆనించి కాపలా కాసిన ఈ కుర్రాడు ఆ జట్టుకి భారమయ్యాడని చెప్పడం కళ్లు మూసుకుని చెప్పే మాట.

ఇక తొందరపడి తీర్పు చెబితే ఏమవుతుందో చూపించే బాస్టన్ కథ. 1997 డ్రాఫ్ట్‌లో ఆ ఊరి జట్టు సెల్టిక్స్ సరిగ్గా ఇదే మూడో స్థానంలో ఒక గార్డుని తీసుకుంది. కుర్రాడు తడబడ్డాడు, షూటింగ్ 40 శాతం కూడా లేదు. కోచ్ రిక్ పిటినోకి ఓపిక లేకపోయింది. 51 ఆటలు ఆడించి, 1998 ఫిబ్రవరిలో టొరంటోకి ఇచ్చేసి, బదులుగా పేరున్న సీనియర్ గార్డు కెన్నీ ఆండర్సన్‌ని తెచ్చుకున్నాడు. ఆ రోజు అది తెలివైన బేరంలాగే కనిపించింది. ఆ కుర్రాడు టొరంటో నుంచి డెన్వర్‌కి, అక్కడి నుంచి ఓర్లాండోకి, మళ్లీ మినెసోటాకి తిరిగాడు. ఎక్కడికి వెళ్లినా వెనకాలే ఒకటే ముద్ర వెళ్లింది, మూడో స్థానానికి తగడని. 2002లో డెట్రాయిట్ చేరాడు. 2004లో లేకర్స్ మీద ఫైనల్స్ గెలిపించి ఆ సిరీస్‌లో ఉత్తమ ఆటగాడయ్యాడు. అయిదుసార్లు ఆల్ స్టార్. 2024లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. పేరు చాన్సీ బిలప్స్.

స్కూట్‌కి మొదటి రెండేళ్లు కోచ్ ఆయనే. 2025 అక్టోబరులో ఆయన మీద జూదం వ్యవహారంలో ఫెడరల్ కేసు వచ్చింది, ఆయన నేరం ఒప్పుకోలేదు, తేల్చాల్సింది కోర్టు. ఆ తర్వాత 2025-26 సీజన్‌లో జట్టుని తియాగో స్ప్లిటర్ చేతికిచ్చారు. ఆ కేసు ఎలా తేలినా 1998లో బాస్టన్ చేసిన పొరపాటు మారదు. 51 ఆటల్లో తీర్పు చెప్పిన జట్టుకి మిగిలింది చరిత్రలో ఒక మచ్చ. డెట్రాయిట్ చేరేదాకా ఆ మనిషిలో ఏముందో చూసే తీరిక ఎవరికీ లేకపోయింది. అతను 27వ ఏట నిలదొక్కుకున్నాడు. 21వ ఏట అతన్ని వద్దనుకున్నారు. బాస్టన్ అతని వల్ల నష్టపోయింది అతను ఆడలేకపోయినప్పుడు కాదు, అతను ఆడటం మొదలుపెట్టినప్పుడు.

ఇది ఎక్కడో బాస్టన్ సంగతి అనుకుంటే పోర్ట్‌లాండ్ ఇంట్లోనే ఒకటుంది. 1996లో బ్లేజర్స్ 17వ స్థానంలో జెర్మెయిన్ ఓనీల్‌ని హైస్కూలు నుంచి నేరుగా తెచ్చుకుంది. గార్డు కాదు, పొడుగు ఆటగాడు. నాలుగేళ్లు బెంచ్ మీదే కూర్చోబెట్టారు, సగటు నాలుగు పాయింట్ల దగ్గరే తచ్చాడింది. 2000లో వెస్టర్న్ ఫైనల్స్ ఏడో ఆటలో లేకర్స్ మీద నాలుగో క్వార్టర్‌లో 15 పాయింట్ల ఆధిక్యం చేజార్చుకున్నాక షకీల్ ఓనీల్‌ని ఆపే బలమైన మనిషి కావాలని తొందరపడ్డారు. డేల్ డేవిస్ కోసం జెర్మెయిన్‌ని ఇండియానాకి ఇచ్చేశారు. అప్పటికి జెర్మెయిన్ వయసు 21. రెండేళ్లు తిరక్కుండానే అతను ఆల్ స్టార్. వరసగా ఆరుసార్లు. మోడా సెంటర్‌లో నా పక్క సీట్లలో కూర్చునే ఒక పెద్దాయన ఆ ట్రేడ్ మాట వస్తే ఇప్పటికీ తల పట్టుకుంటారు.

అదే పోర్ట్‌లాండ్ ఓపిక పట్టిన కథ కూడా ఉంది, దాన్ని ఎవరూ చెప్పుకోరు. సీజే మెకాలమ్ 2013లో పదో స్థానంలో వచ్చాడు. పాదం ఎముక గాయంతో మొదలుపెట్టి మొదటి ఏడు సగటున 5.3 పాయింట్లు, రెండో ఏడు 6.8. "ఇతను లిల్లార్డ్ పక్కన సరిపోడు" అన్నవాళ్లు అప్పుడూ ఉన్నారు. 2015 వేసవిలో సీనియర్లు నలుగురు జట్టు వదిలి వెళ్లాక అతనికి చోటు దొరికింది. ఆ ఏడు 20.8 పాయింట్ల సగటు, లీగ్‌లో అందరికన్నా మెరుగుపడిన ఆటగాడిగా అవార్డు. మనిషి ఒక్క వేసవిలో మారిపోయాడా? సగం ఆ రెండేళ్లలో పోగుచేసుకున్నది, సగం దొరికిన చోటు.

అవ్దియా మాటెత్తితే మా ఇంట్లో అందరి ముఖాలూ వెలుగుతాయి. ఇప్పుడు జట్టుకి పెద్ద దిక్కు అతనే. అతన్ని 2020లో తీసుకుని నాలుగేళ్లు పెంచినది వాషింగ్టన్. 23 ఏళ్ల వయసులో, 2024 జులైలో, మంచి ధరే వస్తోంది కదా అని పోర్ట్‌లాండ్‌కి ఇచ్చేసింది. ఆ బేరంలో మనం గెలిచామని పొంగిపోతున్నాం. అవతలి జట్టు తొందర వల్ల లాభపడ్డవాళ్లం, అదే తొందర మన ఇంట్లో పెట్టుకుందామంటున్నామా?

ధర పలుకుతున్నప్పుడే అమ్మాలన్న మాటకి వస్తాను. ఇప్పుడు అసలు ధర ఎంత? గాయంతో కూర్చున్నవాడికి, రెండేళ్ల సామాన్యమైన అంకెలున్నవాడికి, ఏ జట్టూ మంచి ఆటగాడిని ఇవ్వదు. రెండో రౌండ్ డ్రాఫ్ట్ అవకాశాలో, జీతం సరిపెట్టడానికి పంపే ముప్పై ఏళ్ల బెంచ్ ఆటగాడో వస్తాడు. అలాంటప్పుడు అమ్మడం అంటే పత్తి రేటు పడిపోయిన వారం బస్తాలన్నీ తెచ్చి మార్కెట్ యార్డులో కుమ్మరించడమే. అప్పులవాడు గుమ్మంలో ఉంటే రైతుకి వేరే దారి ఉండదు. పోర్ట్‌లాండ్ గుమ్మంలో ఏ అప్పులవాడూ లేడు. 2025-26 సీజన్‌కి స్కూట్ జీతం కోటీ ఏడు లక్షల డాలర్ల చిల్లర, జట్టు జీతాల పరిమితి 15 కోట్ల 46 లక్షలు. అంటే ఏడు శాతం. మూడో స్థానం కుర్రాడి మీద ఆ జట్టు పెడుతున్న పందెం అంతే. దాన్ని వదులుకుంటే చేతికొచ్చే ఏడు శాతంతో ఏ గొప్ప ఆటగాడూ రాడు.

చోటు లేదన్న మాట ఇంకా బలహీనమైనది. హాలిడే 1990 జూన్‌లో పుట్టాడు, లిల్లార్డ్ జులైలో. ఇద్దరికీ 35 దాటాయి. లిల్లార్డ్ 2025 ఏప్రిల్‌లో మడమ వెనక స్నాయువు తెగి 2025-26 సీజన్‌కి దూరమయ్యాడు. హాలిడే రెండు వేర్వేరు జట్లతో, 2021లో మిల్వాకీతో, 2024లో బాస్టన్‌తో, ట్రోఫీ ఎత్తినవాడు. ఈ తరంలో గార్డుల మీద కాపలా కాయడంలో అతన్ని మించినవాళ్లు అరుదు. ఇలాంటి ఇద్దరు ఒక జట్టులో ఉంటే అది కుర్ర గార్డుని తరిమేయడానికి కారణమా, ఉంచుకోవడానికి కారణమా? 2023లో స్కూట్‌కి దొరకని పెద్దదిక్కు ఇప్పుడు రెండింతలై వచ్చింది. రెండు మూడేళ్లలో వాళ్లిద్దరూ విరమిస్తారు. ఆ రోజు బంతి ఎవరి చేతికిస్తారు? ఇప్పుడు స్కూట్‌ని పంపేసి, అప్పుడు మళ్లీ డ్రాఫ్ట్‌లో ఇంకో 19 ఏళ్ల కుర్రాడిని తెచ్చి, అతనికీ రెండేళ్లకే తీర్పు చెబుతామా?

నా అనుమానం ఏమిటంటే ఈ కోపానికి అసలు మూలం స్కూట్ ఆట కాదు. అదే డ్రాఫ్ట్‌లో స్కూట్ వెనకే నాలుగో స్థానంలో హ్యూస్టన్ తీసుకున్న ఆమెన్ థాంప్సన్. అతను 2025లో లీగ్ ఉత్తమ డిఫెన్స్ మొదటి జట్టులో నిలిచాడు. స్కూట్ బంతి పోగొట్టుకున్న ప్రతిసారీ మనవాళ్ల కళ్లముందు ఆడేది అతనే. ఈ ఊరికి ఆ బాధ పాతదే. 1984లో శామ్ బౌవీని తీసుకుని మైకేల్ జోర్డాన్‌ని వదులుకుంది, 2007లో గ్రెగ్ ఓడెన్‌ని తీసుకుని కెవిన్ డ్యురాంట్‌ని వదులుకుంది. ఆ గాయాలున్న ఊరికి మూడో గాయం తగిలిందేమోనన్న భయం నాకు అర్థమవుతుంది. బౌవీ కాళ్లు, ఓడెన్ మోకాళ్లు ఆ ఇద్దరినీ ఆడనివ్వలేదు, అందులో వాళ్ల తప్పేమీ లేదు. కానీ స్కూట్‌ని అమ్మితే థాంప్సన్ రాడు. డ్రాఫ్ట్ రోజున మేనేజ్‌మెంట్ తీసుకున్న నిర్ణయం మీద కోపాన్ని, ఆ నిర్ణయంలో ఏ చేయీ లేని కుర్రాడి మీద తీర్చుకోవడం న్యాయం కాదు.

వేచి చూస్తే తప్పకుండా ఫలం వస్తుందని నేను హామీ ఇవ్వను. 2017లో న్యూయార్క్ తీసుకున్న ఫ్రాంక్ నిలికినా ఎదగలేదు. 2020లో డెట్రాయిట్ ఏడో స్థానంలో తీసుకున్న కిలియన్ హేస్‌కి నాలుగో సీజన్ దాకా అవకాశం ఇచ్చారు, చివరికి 2024 ఫిబ్రవరిలో వదిలేశారు. అతని షూటింగ్ ఆఖరి దాకా కుదుటపడలేదు. స్కూట్ కూడా అలా మిగిలిపోవచ్చు. బుట్ట దగ్గర బంతి ముగించడంలో అతని తడబాటు ఇంకా ఉంది, తొడ గాయం వేగం మీద ఏం ప్రభావం చూపిస్తుందోనన్న దిగులు నాకూ ఉంది. కానీ డెట్రాయిట్ ఏం పోగొట్టుకుంది? కొంత జీతం, కొన్ని ఆటలు. బాస్టన్, పోర్ట్‌లాండ్ తొందరపడి పోగొట్టుకున్నవి ఆల్ స్టార్లని. ఈ రెండు నష్టాల బరువు ఒకటి కాదు.

ఇదంతా మా బావమరిదికి ఫోన్‌లో చెప్పాను. అంతా విని, "సరే బావా, అయితే ఎప్పటిదాకా ఆగమంటావు?" అన్నాడు. మొత్తం వాదనలో అసలైన ప్రశ్న అదే. దానికి జవాబు ఒప్పందంలోనే రాసి ఉంది. డ్రాఫ్ట్ అయినవాడి ఒప్పందం నాలుగేళ్లది. స్కూట్ నాలుగో సీజన్ 2026-27. పొడిగింపు మాటలు 2026 వేసవిలో మొదలుపెట్టవచ్చు, కానీ కుదుర్చుకోవాలన్న బలవంతం లేదు. 2027 వేసవిలో అతను బయటి జట్లతో మాట్లాడుకున్నా, వాళ్లిచ్చే మొత్తానికి సమానంగా ఇచ్చి ఉంచుకునే హక్కు పోర్ట్‌లాండ్‌దే. అంటే గాయం మానాక 2025-26 సీజన్‌లో మిగిలిన ఆటలు, ఆ పైన హాలిడే పక్కన, కోలుకుని వచ్చిన లిల్లార్డ్ పక్కన ఒక పూర్తి సీజన్. అప్పటికి కుర్రాడికి 23 ఏళ్లు.

"అప్పుడు కూడా 41 శాతమే వేస్తుంటే?" అన్నాడు.

"అప్పుడు నీ పక్కన కూర్చుని నేనే అమ్మేయమంటాను" అన్నాను.